పిల్లల పళ్ళెంలోకి విషం వచ్చే దారులు

హైదరాబాదులో పసిపిల్లలున్న ఇంటికి ఎవరు వచ్చినా ఈమధ్య తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: బిడ్డకు ఆర్గానిక్ పెడుతున్నారా అని. ప్రశ్న చిన్నదే గాని అందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. కూరగాయలో పురుగుమందు మిగిలి ఉందా అన్నది ఒకటి. ఆ పంటకు పారిన నీరు ఎక్కడిది అన్నది రెండవది. పొలం దాటిన తర్వాత మార్కెట్లోనో, దుకాణంలోనో, మన వంటింట్లోనో అందులో ఏం కలిసింది అన్నది మూడవది. తిండితో నిమిత్తం లేకుండా గాలి ద్వారా, దుమ్ము ద్వారా, గోడ రంగు ద్వారా బిడ్డ ఒంట్లోకి ఏం చేరుతోంది అన్నది నాలుగవది. సేంద్రియ ముద్ర వీటిలో మొదటి ప్రశ్నకు మాత్రమే నేరుగా జవాబు చెబుతుంది. మిగిలిన మూడింటికీ అదే జవాబనుకుని, డబ్బంతా ఒక దారికి కాపలా పెట్టి మిగతా దారులు తెరిచి ఉంచిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. మా పాప పుట్టిన తొలి రెండేళ్ళలో నేను చేసిందీ అదే. అందుకే ఈ దారులను ఒక్కొక్కటిగా విడదీసి చెప్పాలనుకున్నాను.

ముందుగా, పిల్లల విషయంలో వేరే లెక్క ఎందుకో చూద్దాం. ఏడాది బిడ్డ తన ఒంటి బరువుతో పోల్చితే పెద్దవాళ్ళకన్నా ఎక్కువ తింటుంది, ఎక్కువ తాగుతుంది, ఎక్కువ గాలి పీలుస్తుంది. నేలమీద పాకుతుంది, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఒంట్లో చేరిన విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి ఆ వయసు కాలేయానికీ మూత్రపిండాలకూ ఇంకా పూర్తిగా రాదు. మెదడు అన్నింటికన్నా వేగంగా అల్లుకునే కాలమూ అదే కాబట్టి, అప్పుడు జరిగిన నష్టాన్ని తర్వాత పూడ్చడం కష్టం. 1993లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ శిశువుల ఆహారంలోని పురుగుమందులపై వెలువరించిన నివేదిక ఈ తేడాను బలంగా చెప్పింది. దాని ప్రభావంతో 1996లో ఆ దేశం చేసిన చట్టం, పిల్లలను దృష్టిలో పెట్టుకుని పురుగుమందుల పరిమితులకు పది రెట్ల అదనపు జాగ్రత్తను జోడించాలని, ఆ అవసరం లేదని నమ్మదగిన ఆధారాలుంటే తప్ప దాన్ని సడలించరాదని నిర్దేశించింది.

ఇక మొదటి దారి, పురుగుమందు. మన పల్లెల్లో ఒక తరం మొత్తం పురుగుమందును ‘ఎండ్రిన్’ అనే పిలిచింది. ఆ మందును దేశంలో నిషేధించి మూడు దశాబ్దాలు దాటినా మాట ఇంకా బతికే ఉంది. దాని తర్వాత పొలాల్లోకి విరివిగా వచ్చిన ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు పురుగును చంపే పద్ధతి తెలిస్తే పిల్లల గురించి భయమెందుకో అర్థమవుతుంది. నరం నుంచి నరానికి, నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని, కబురు అందగానే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. ఈ మందులు ఆ ఎంజైమును కట్టిపడేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూ ఉండటంతో పురుగు చస్తుంది. అదే ఎంజైమ్ మన నరాల్లోనూ ఉంది. 2013లో బీహారులోని ఛప్రా దగ్గర ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో బయటపడింది ఈ జాతికే చెందిన మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దాని వాడకాన్ని మన దేశం 2005లోనే నిషేధించింది. అయితే ఛప్రాలో జరిగింది ఒక్కసారిగా పెద్ద మోతాదు ఒంట్లోకి పోవడం. మన పళ్ళెంలోని బెండకాయలో ఉండేది అందులో ఎన్నో వేల వంతుల తక్కువ. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం న్యాయం కాదు. కాని ఆ కొద్ది మోతాదే ఏళ్ళ తరబడి, ఎదిగే మెదడుకు అందుతూ ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నను కొట్టిపారేయడమూ న్యాయం కాదు. క్లోర్‌పైరిఫాస్ అనే మందును 2020లో ఐరోపా సమాఖ్య పూర్తిగా ఆపివేయడానికి ఒక ముఖ్య కారణం పిల్లల మెదడు ఎదుగుదలపై దాని ప్రభావమే.

మందు కొట్టిన ప్రతి పంటా ఒకేలా ప్రమాదకరం కాదు. కొన్ని మందులు ఆకు మీద, కాయ తోలు మీద మాత్రమే ఉండి, తగిలిన పురుగును చంపుతాయి. వీటిని స్పర్శ మందులంటారు. మరికొన్ని మొక్క రసంలోకి దిగి, రసం పీల్చిన పురుగును చంపుతాయి. ఇవి అంతర్వాహిక మందులు. ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి ఈ రెండో రకం. మొదటి రకాన్ని నీళ్ళు చాలావరకు కడిగేస్తాయి, రెండో రకం కాయ లోపలే ఉంటుంది గనుక ఉప్పునీళ్ళూ పసుపునీళ్ళూ దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. 2017లో అమెరికాలో ఆపిల్ పళ్ళపై జరిగిన ఒక పరిశీలనలో, వంటసోడా కలిపిన నీళ్ళలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే తోలు మీది మందు వట్టినీళ్ళకన్నా బాగా పోయింది, అప్పటికే తోలు దాటి లోపలికి ఇంకినది మాత్రం పోలేదు. మన వంటిళ్ళలోని పద్ధతులన్నీ ఈ హద్దులోపలే పనిచేస్తాయి. అలాగని కడగడం వృథా కాదు. పారే నీటి కింద చేత్తో రుద్ది కడగడం, ఆకుకూరను విడదీసి రెండు మూడు నీళ్ళలో జాడించడం, సొరకాయకూ దోసకాయకూ చెక్కు తీయడం వల్ల పైన ఉన్న మందుతో పాటు మట్టి, సూక్ష్మక్రిములు కూడా పోతాయి. పిల్లలకు విరేచనాలు పట్టుకునేది మందు అవశేషాల వల్ల కన్నా ఆ క్రిముల వల్లే ఎక్కువ.

ఈ విషయంలో కాయ రకం కన్నా కోత పద్ధతి ముఖ్యమైనదని నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రతి మందుకూ, కొట్టిన తర్వాత కోతకు ముందు ఆగవలసిన రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో ఎండకూ గాలికీ మొక్క లోపలి మార్పులకూ మందు విరిగిపోతుంది. వరి, కంది వంటి పంటకు చివరి మందుకూ కోతకూ మధ్య వారాల వ్యవధి ఉంటుంది. పైగా వడ్లు దంచి పైపొర తీస్తాం, పప్పు కడుగుతాం, ఉడికిస్తాం. బెండ, వంగ, కాకర, పచ్చిమిర్చి సంగతి అలా కాదు. ఇవి రోజు విడిచి రోజు కోతకు వస్తాయి, అదే చెట్టు మీద లేత కాయ, ముదురు కాయ, పురుగు పట్టిన కాయ కలిసే ఉంటాయి. ఆగవలసిన ఐదు రోజులో వారమో ఆగితే బెండకాయ ముదిరి అమ్ముడుపోదు. రైతు ఆగలేడు. ఈ పంటల్లో మందు మిగలడానికి అసలు కారణం రైతు దుర్మార్గం కాదు, పంట స్వభావానికీ మందు స్వభావానికీ పొసగకపోవడం. కరివేపాకు, కొత్తిమీర వంటి ఆకులకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. ఆకు వైశాల్యం ఎక్కువ, బరువు తక్కువ, పడిన మందంతా ఆకు మీదనే నిలుస్తుంది. మన దేశం నుంచి వెళ్ళే కరివేపాకునూ బెండకాయనూ ఐరోపా సమాఖ్య పురుగుమందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేసే జాబితాలో పెట్టింది. అందుచేత, అన్నీ ఆర్గానిక్‌గా కొనే స్తోమత లేని ఇల్లు (నాకు తెలిసిన చాలా ఇళ్ళు అటువంటివే) బియ్యానికీ పప్పుకూ కాకుండా ముందు ఈ ఆకులకూ, ఈ నాలుగైదు కాయలకూ ఆ డబ్బు పెట్టడం తెలివైన పని. కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, తోటకూర అపార్టుమెంటు బాల్కనీలోనూ వస్తాయి. మిద్దెతోట అంటే పెద్ద ఏర్పాటనుకుని వెనకాడవలసిన పని లేదు, నాలుగు కుండీలు చాలు.

ఆర్గానిక్ తింటే నిజంగా తేడా ఉంటుందా? ఒంట్లోకి చేరే మందు తగ్గుతుందన్న సంగతి స్పష్టం. సియాటిల్ ప్రాంతంలో 23 మంది పిల్లలకు ఐదు రోజులపాటు మామూలు తిండికి బదులు ఆర్గానిక్ పెట్టి చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆ ఐదు రోజుల్లోనే పిల్లల మూత్రంలో మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్ళు కనబడనంతగా పడిపోయాయి. పాత తిండికి మారగానే మళ్ళీ వచ్చాయి. పోషకాల విషయంలో ఇంత స్పష్టత లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో, ఆర్గానిక్ ఆహారంలో మందు అవశేషాలు తక్కువని ఒప్పుకుంటూనే, పోషకాల్లో వైద్యపరంగా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదనీ, ఏ పద్ధతిలో పండినవైనా సరే పిల్లలు పళ్ళూ కూరగాయలూ బాగా తినడమే ముఖ్యమనీ చెప్పింది. ఈ చివరి మాటను మన నగరంలో పదేపదే చెప్పవలసిన అవసరం ఉంది. ఆర్గానిక్ దొరకలేదని టమాటా మానేసి, ఆర్గానిక్ అని రాసి ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు చేతికిస్తే బిడ్డకు జరిగేది నష్టమే. చక్కెర ఆర్గానిక్ అయినా చక్కెరే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ రక్తహీనతకూ విషాలకూ ఉన్న సంబంధం సీసం దగ్గర చెబుతాను.

ముద్రల సంగతికి వస్తే, ప్యాకెట్టు మీద కనబడే ఆకుపచ్చ రంగుకూ, ‘నేచురల్’, ‘కెమికల్ ఫ్రీ’, ‘పల్లె రుచి’ వంటి మాటలకూ చట్టం దృష్టిలో సేంద్రియమన్న అర్థం లేదు. 2017లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ సేంద్రియ ఆహారానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఆ పేరుతో అమ్మే సరుకుకు రెండు ధ్రువీకరణ పద్ధతుల్లో ఒకటి ఉండాలి. ఒకటి ఎగుమతుల కోసం 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. ఇందులో గుర్తింపు పొందిన బయటి సంస్థ వచ్చి పొలాన్ని తనిఖీ చేస్తుంది. మామూలు భూమి సేంద్రియంగా మారడానికి ఏడాది పంటలకు రెండేళ్ళు, తోటలకు మూడేళ్ళు పడుతుంది. రెండవది పీజీఎస్, అంటే భాగస్వామ్య హామీ పద్ధతి. ఇందులో ఒక ఊరి రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు తక్కువ గనుక చిన్న రైతుకు అందేది ఇదే. ‘పీజీఎస్ గ్రీన్’ అని ఉంటే భూమి ఇంకా మారుతున్న దశలో ఉందనీ, ‘పీజీఎస్ ఆర్గానిక్’ అని ఉంటే పూర్తిగా మారిందనీ అర్థం. ఈ రెండు పద్ధతుల సరుకుకూ కలిపి వచ్చిన గుర్తు ‘జైవిక్ భారత్’. సేంద్రియమన్న సరుకులో కూడా మందు సున్నా ఉండాలని నిబంధన లేదన్న సంగతి చాలామందికి తెలియదు. పక్క పొలం నుంచి గాలికి వచ్చేదీ, పాత మట్టిలో మిగిలినదీ ఉంటుంది గనుక, మామూలు పంటకు అనుమతించిన పరిమితిలో ఐదు శాతం వరకు ఒప్పుకుంటారు.

ఈ నిబంధనల్లోనే చిన్న రైతుకు ఒక వెసులుబాటు ఉంది. ఏడాదికి 12 లక్షల రూపాయలు దాటని అమ్మకాలున్న చిన్న ఉత్పత్తిదారు తన పంటను నేరుగా తినేవారికే అమ్ముకుంటే ధ్రువీకరణ లేకపోయినా పరవాలేదు. అంటే ఆదివారం సంతలో గంప పెట్టుకుని కూర్చున్న రైతు దగ్గర ముద్ర లేకపోవడం తప్పు కాదు, ఏసీ దుకాణంలో ప్యాకెట్టు మీద ముద్ర లేకపోవడం తప్పు. మా వీధి చివర ఒక దుకాణంలో ఏడాదిపాటు నేను కొన్న కందిపప్పు ప్యాకెట్టు మీద ఆర్గానిక్ అన్న అక్షరాలు పెద్దవిగా ఉండేవి గాని ధ్రువీకరణ సంఖ్య లేదు. అడిగితే ‘మా సొంత రైతులే మేడమ్’ అన్నారు. సొంత రైతుల పంట అయితే ఆ సంఖ్య వేయడం ఇంకా సులభం కావాలి.

ఇప్పుడు రెండవ దారి, నీరు. హైదరాబాదుకు ఇది చాలా ముఖ్యం, దీని మీద మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. నగరం మురుగును మోసుకుపోయే మూసీ, ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు సాగుతూ దారి పొడవునా పొలాలను తడుపుతుంది. అక్కడ వరి ఉంది, ఆకుకూరలున్నాయి, నగరపు పాడిపశువులకు వచ్చే పచ్చగడ్డి ఉంది. పటాన్‌చెరు వైపు సంగతి ఇంకొకటి. అక్కడి ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. సీసం, కాడ్మియం వంటి బరువు లోహాలు నీటితో వచ్చి మట్టిలో చేరితే ఏళ్ళు గడిచినా విరగవు, పాలకూర వంటి ఆకుకూరలు వాటిని లోపలికి పీల్చుకుంటాయి. కడిగితే పోవు, ఉడికిస్తే పోవు. పురుగుమందు ఒక్క చుక్క కూడా కొట్టకుండా మురుగు నీటితో పండించిన పాలకూరను ‘మందు కొట్టని కూర’ అనడంలో అబద్ధం లేదు, కాని అది బిడ్డకు పెట్టదగ్గది కాదు. అందువల్ల ఆకుకూర అమ్మేవారిని మందు గురించి అడగడానికి ముందు ‘ఏ ఊరి నుంచి, ఏ నీళ్ళు, బోరా, కాలువా’ అని అడగడం నేర్చుకోవాలి.

మూడవ దారిలో రెండు ఉదాహరణలు చాలు. ఎండాకాలం వస్తే మనకు గుర్తొచ్చేది మామిడి, దానితో పాటే కార్బైడ్. కాల్షియం కార్బైడ్ తేమ తగిలితే ఎసిటిలిన్ వాయువు విడుదల చేస్తుంది, అది కాయ రంగును త్వరగా మారుస్తుంది. ఆ రసాయనంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి గనుక దానితో పళ్ళు మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది. దాని బదులు ఎథిలిన్ వాయువును అనుమతించింది. పండు తానుగా పండేటప్పుడు విడుదల చేసుకునేది కూడా ఎథిలినే. కాబట్టి మాగబెట్టిన ప్రతి పండూ విషం కాదు, దేనితో మాగబెట్టారన్నదే విషయం. గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి మారిన పళ్ళ మార్కెట్టులో ఎన్ని ఎథిలిన్ గదులున్నాయో, ఎన్ని పెట్టెల్లో కార్బైడ్ పొట్లాలున్నాయో వీధిలో కొనే మనకు కనబడదు. పచ్చి బంగినపల్లి కొని ఇంట్లో గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మాగబెట్టుకోవడం పాత పద్ధతే గాని ఇప్పటికీ అంతకన్నా నమ్మకమైనది లేదు.

రెండవ ఉదాహరణ పాలు. పాలంటే మనకు యూరియా, డిటర్జెంట్ భయం. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించినప్పుడు, ప్రమాదకరమైన కల్తీ బయటపడినవి 12 మాత్రమే. అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటినవి 368. ఇది ఎవరో కలిపిన రసాయనం కాదు. బూజు పట్టిన దాణా తిన్న పశువు పాలలోకి వచ్చే విషం. ఆ బూజు వేరుశనగకూ మొక్కజొన్నకూ పత్తిగింజల చెక్కకూ పడుతుంది, పంట సేంద్రియమైనంత మాత్రాన పట్టకుండా ఉండదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి వంద మందికి పైగా చనిపోయినప్పుడు దాన్ని పరిశోధించినది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే. ప్రకృతి సిద్ధమైనదల్లా మంచిదన్న నమ్మకాన్ని ఈ ఒక్క బూజు చెరిపేస్తుంది. పల్లీలు కొన్నప్పుడు ముడుచుకున్నవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయడం పిసినారితనం అడ్డు రాకుండా చేయవలసిన పని. నూరి చట్నీ చేశాక చేదు కారంలో దాగిపోతుంది.

నాలుగవ దారిలో అన్నింటికన్నా పెద్దది సీసం. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో తల్లిదండ్రులు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన విషయం ఇదే. సీసానికి ఫరవాలేదనదగ్గ మోతాదంటూ లేదు. కొద్ది మోతాదు కూడా పిల్లల తెలివితేటలను, ఏకాగ్రతను, ప్రవర్తనను దెబ్బతీస్తుంది. అది పైకి ఏ జబ్బుగానూ కనబడదు. యూనిసెఫ్ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటి ఉంది, వారిలో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలే. పెట్రోలులో సీసం కలపడం 2000 నాటికే ఆగిపోయింది గనుక ఇదంతా ఇప్పుడు వేరే చోట్ల నుంచి వస్తోంది. పాత బ్యాటరీలు కరిగించే పెరటి కొలిములు ఒకటి. పాత ఇళ్ళ గోడల, కిటికీల రంగు మరొకటి. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో తొంభై) దాటరాదన్న నిబంధన మన దేశంలో అమలుకు వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగు పొరలు పాతబస్తీ, సికింద్రాబాదు ఇళ్ళ తలుపుల మీద ఇంకా ఉన్నాయి. పండుగకు రంగులు వేయించేటప్పుడు వాటిని పొడిగా గీకిస్తే లేచే దుమ్ము పాకే బిడ్డ చేతికీ, చేతి నుంచి నోటికీ పోతుంది. తడిపి గీకించడం, ఆ రోజుల్లో పిల్లలను అమ్మమ్మ ఇంటికి పంపడం పెద్ద ఖర్చు కాదు.

వంటింటి వైపు చూస్తే పసుపు ఉంది. కొమ్ములకు నిగనిగలాడే రంగు రావడానికి సీసం ఉన్న లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగుపొడి పూయడం దక్షిణాసియాలో ఎన్నోచోట్ల బయటపడింది. బంగ్లాదేశ్ మార్కెట్లలో 2019లో 47 శాతం నమూనాల్లో సీసం కనబడగా, ప్రభుత్వం గట్టిగా పట్టుకున్న తర్వాత 2021 నాటికి ఒక్కదానిలోనూ కనబడలేదు. రెండేళ్ళలో అంత మార్పు వచ్చిందంటే ఇది ప్రభుత్వాలు తలచుకుంటే తీరే సమస్యేనని తేలినట్టే. మనం చేయగలిగినది, విడిగా అమ్మే పొడికి బదులు కొమ్ములు కొని మరలో పట్టించుకోవడం, ఆ కొమ్ముల్లోనూ ఒకే రంగుతో మెరిసిపోతున్నవాటిని వదిలి మట్టిరంగు తోలున్నవి ఎంచుకోవడం. పసిబిడ్డకు దిష్టి తగలకుండా పెట్టే కాటుక సంగతి చెప్పడం కష్టంగా ఉంది, ఎందుకంటే మా పాపకు మా అత్తమ్మ ప్రేమగా పెట్టినదీ అదే. కాని బజారులో దొరికే సుర్మాల్లో, కొన్ని కాటుకల్లో సీసపు ఖనిజమే ప్రధానంగా ఉంటుంది, బిడ్డ కన్ను నులుముకుని వేలు నోట్లో పెట్టుకుంటుంది. అత్తమ్మకు ఇది నెమ్మదిగా చెప్పినప్పుడు ఆమె చుక్కను అరికాలికి మార్చారు.

రక్తహీనతకు ఇక్కడ సంబంధం ఉంది. పేగుల్లో ఇనుమును లోపలికి తీసుకునే వాహకమే సీసాన్నీ తీసుకుంటుంది. ఇనుము తక్కువైన బిడ్డ ఒళ్ళు దానికోసం వెతుక్కుంటూ సీసాన్ని మరింతగా లాక్కుంటుంది. పెద్దవాళ్ళు మింగిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, చిన్నపిల్లల్లో అది సగం దాకా ఉండవచ్చు. రాగి జావ, తోటకూర పప్పు, గుడ్డు, పైన పిండిన నిమ్మరసం రక్తం పట్టడానికే కాదు, విషం పట్టకుండా ఉండటానికి కూడా. ఈ కారణంగానే, ఆర్గానిక్ తక్కువ తిన్నా అన్నీ తినే బిడ్డ, ఆర్గానిక్ మాత్రమే కొద్దిగా తినే బిడ్డకన్నా క్షేమంగా ఉంటుందని నేను నమ్ముతున్నాను.

ఇంట్లో మనమే పెట్టే పొగ గురించి కూడా చెప్పాలి. తలుపులు మూసిన గదిలో ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందులో ఉండే మందు కూడా పురుగుమందే. వంకాయకు కొట్టిన మందుకు భయపడి రెట్టింపు ధర పెట్టే ఇంట్లోనే రాత్రంతా ఆ చుట్ట కాలుతుంటే మొదటి జాగ్రత్తకు అర్థం పోతుంది. దోమతెర కట్టుకోవడానికి మించిన మందు లేదు. చంటిబిడ్డ బట్టల మధ్య కలరా ఉండలు వేయడం మరో ప్రమాదం. వాటిలోని నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న శిశువుల రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఆ లోపం ఉన్నట్టు ముందుగా తెలిసే ఇళ్ళు తక్కువ, కాబట్టి ఎండలో ఆరవేసిన బట్టే మేలు.

ప్లాస్టిక్ విషయంలో సూత్రం ఒక్కటే: వేడి, నూనె, పులుపు తగిలినప్పుడు ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి త్వరగా దిగుతాయి. పాల సీసాల్లో పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వాడకూడదని భారత ప్రమాణాల సంస్థ 2015లో తేల్చింది. కాని సాయంత్రం కర్రీ పాయింట్ దగ్గర పొగలు కక్కే సాంబారునూ పులుసునూ పల్చని పాలిథిన్ కవరులో పోసి ముడి వేయించుకుంటున్నాం. స్టీలు టిఫిన్ తీసుకుపోతే ఆ దుకాణాల వాళ్ళు సంతోషంగానే పోస్తారు, నేను మూడేళ్ళుగా తీసుకుపోతున్నాను. మిర్చిబజ్జీని వార్తాపత్రికలో చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. సిరా నూనెలోకి దిగుతుంది.

చివరగా మళ్ళీ పొలానికి రావాలి. పురుగుమందు లెక్కలో అన్నిటికన్నా పెద్ద మోతాదు అందేది హైదరాబాదు పిల్లలకు కాదు. తెలంగాణలో మందు మానేసిన తొలి ఊళ్ళు నగరం కోసం మానలేదు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు మందుల అప్పులూ ఆసుపత్రి ఖర్చులూ మోయలేక వేపగింజల కషాయానికీ, పురుగును తమవైపు లాగే ఎర పంటలకూ, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలకూ మారారు. జనగామ దగ్గరి ఏనబావి 2006లో మొత్తం ఊరే రసాయనాలు లేని సాగుకు మారినట్టు ప్రకటించుకుంది. ఆ పద్ధతిని ఊరూరా తీసుకుపోవడానికి సికింద్రాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం పనిచేసింది. జహీరాబాదు వైపు పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, మందే అవసరం లేని జొన్న, కొర్ర, సామలను పప్పులతో కలిపి ఒకే చెలకలో పండించే పాత పద్ధతిని నిలబెట్టి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి పొందాయి.

మెహదీపట్నం రైతుబజారులో చేవెళ్ళ వైపు నుంచి వచ్చే ఒక రైతు దగ్గర నేను ఆరేళ్ళుగా కూరలు కొంటున్నాను. ఒకరోజు వంకాయలు ఏరుకుంటూ, ‘మందు ఎప్పుడు కొట్టిండ్రక్కా’ అని అడిగాను. ఆమె దాచలేదు. ‘మొన్ననే కొట్టినం బిడ్డా. కొట్టకుంటే సగం పుచ్చులే. మా ఇంటికి మాత్రం బాయికాడ వేరే మడి ఉన్నది, దానికి కొట్టం’ అంది. ఆ మడివి అమ్ముతారా అని అడిగితే, పుచ్చులు ఉంటాయి, కిలోకు పది రూపాయలు ఎక్కువవుతుంది, తీసుకుంటావా అంది. తీసుకుంటానన్నాను. మా అపార్టుమెంటులో మరో పదకొండు ఇళ్ళు కలిశాయి, అన్నీ కొంటామని ముందుగా మాట ఇచ్చాం. నిరుటి వానాకాలానికి ఆ మడి అరెకరం అయింది. ఇన్ని తెచ్చిపెడుతున్నందుకు ఒకసారి నేను ధన్యవాదాలు చెప్పబోతే, ఆమె తన లెక్క చెప్పింది: మందు ట్యాంకు వీపుకు కట్టుకుని కొట్టేది పదిహేడేళ్ళ వాళ్ళబ్బాయట. కొట్టిన రోజు రాత్రి తలనొప్పి, వాంతులతో అన్నం తినడట. ఇప్పుడు ఆ అరెకరానికి పిల్లవాడు ట్యాంకు ఎత్తవలసిన పని లేదు.